రంగెక్కని పోగు

ఇది మా బిడ్డంటూ ఎవరో వచ్చి పాపను ఎత్తుకుపోతారన్నదే ఆమె భయం.

వేడి తొట్టిలో నూలు కట్టలను కర్రతో తిప్పుతోంది. మోచేతుల దాకా ఎరుపు, గోళ్ల చుట్టూ నీలం; ఎంత తోమినా వదలని రంగులు. నిన్న జ్వరమని పాప రక్తం తీసి, 'ఓ' గ్రూపు రక్తమన్నారు. తనది 'ఏ'. ఆయనది 'బి'. అద్దకంలో చేయి తిరిగిన మనిషికి ఆ లెక్క ఎలా మింగుడుపడుతుంది? ఎరుపూ పసుపూ కలిపితే తెల్లనూలు వస్తుందా? పుట్టిన రోజు ఆసుపత్రిలో పిల్లలందరికీ ఒకే గదిలో స్నానాలు చేయించారు. అక్కడే తారుమారై ఉంటుంది.

"చేతులిక్కడ, మనసెక్కడమ్మా? నూలు మాడుతోంది!" మేస్త్రీ కేకేశాడు.

భోజనం బెల్లు కొట్టగానే ఆసుపత్రికి పరుగెత్తింది. పాపను మందుకు తీసుకొచ్చిన అత్త చేతికర్ర పక్కన పెట్టుకుని అక్కడే కూర్చుంది. ఆవిడ ముందు అడగడమా? అయినా నర్సును అడిగేసింది.

"ఇది మా పిల్లేనా అమ్మా?"

నర్సు నవ్వలేదు. ఆమె భుజానికి అంటుకున్న ఎరుపూ తెలుపూ కలిపి పేనిన నూలు తీసి పురి విప్పింది.

"ఇది రంగులు కలపడం కాదమ్మా. మనిషికి రెండు పోగులు, అమ్మదొకటి, నాన్నదొకటి. 'ఏ' పక్కనో 'బి' పక్కనో 'ఓ' ఉంటే పైకి కనపడదు. మీరూ మీ ఆయనా దాగున్న ఆ 'ఓ'నే పాపకిచ్చారు. మీ పెద్దవాళ్లలో 'ఓ' గ్రూపు ఎవరిది?"

"మా నాన్నది."

"నాదీ 'ఓ'నే!" అంది అత్త. "ఆపరేషనప్పుడు చెప్పారు."

"ఇంకేం, మీరు మీ అబ్బాయికి ఇవ్వగలిగింది 'ఓ' ఒక్కటే. లెక్క సరిపోయింది."

అత్త కోడలి వైపు తిరిగింది. "పిచ్చిమొహమా! ఆ రోజు స్నానానికి తీసుకెళ్లిందీ తెచ్చిందీ నేనే. చేతుల్లోంచి దించితేగా మారడానికి! ఇంత భయం మింగి కూర్చునే బదులు నన్నొక్క మాట అడగొద్దుటే? వాళ్ల నాన్న ముక్కు అచ్చుగుద్దినట్టుంటే!"

గుండెల మీది బండ దిగిపోయింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి. రంగు చేతులతోనే పాపను గట్టిగా హత్తుకుంది.

సాయంత్రం అత్త తన కూతురింటికి బయల్దేరింది. "నా పోగే, నా బంగారు పోగే!" అంటూ పాపను చంకనెత్తుకుని బస్సు దాకా తానే నడిచింది. ఆ సంబరంలో కాళ్ల నొప్పి గుర్తురాలేదు, చేతికర్రా గుర్తురాలేదు. పాపను కోడలి చేతికిచ్చి ఎక్కి కూర్చుంది. బస్సు కదిలిపోయింది.

అక్కడ బస్సు దిగేచోట మీరెవరైనా ఉంటే, తనలో తానే నవ్వుకుంటున్న ముసలావిడకు కాస్త చెయ్యందించండి, ఇల్లు చేరిందో లేదో చూసి రండి. ఆవిడ చేతికర్ర ఇక్కడే, గుమ్మం పక్కన గోడకు ఆనుకుని ఉంది.