గోడవైపు చేరిన బావగారు

నేను ఒక ప్లాస్టిక్ సీసాను. ఫ్యాక్టరీలో నా పక్క వరసలో షర్బతు సీసాలు తయారయ్యాయి. వాటికి పెళ్లిళ్లూ పేరంటాలూ, నాకు ఛాతీ ఆసుపత్రిలో మంచం పక్కన నేల. అయినా ఈర్ష్య లేదు. మనిషి ఊపిరికి నాకున్నంత దగ్గరి చుట్టరికం వాటికెక్కడిది?

నన్ను ఓంకారాచారి గారికి తగిలించారు. ఊదుగొట్టంతో నిప్పు ఊది నగలు చేసిన కంసాలి ఆయన. పాడైన కుడి ఊపిరితిత్తిని తీసేస్తే, నెల తిరక్కుండా ఆ ఖాళీలో చీము పట్టింది. పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేసి, కొస నా నీళ్లలో ముంచారు. ఆయన దగ్గితే నాలో బుడగలు లేచేవి, కిటికీ మీది కాకులు ఎగిరి పక్క జిల్లాలో వాలేవి.

లోపల కుట్టిన చోట చిన్న చిల్లు పడిందనీ, నాలోని బుడగలు ఆ చిల్లు గాలేననీ, ఎడమకు తిరిగితే చీము అందులోంచి మిగిలిన ఒక్క ఊపిరితిత్తిలోకి పోతుందనీ, కుడివైపే పడుకోమనీ డాక్టరమ్మ పూటపూటా చెప్పింది. కుడివైపు గోడ. చూడవచ్చిందేమో వియ్యంకుడు బ్రహ్మలింగం గారు. ఆయనకు వీపు చూపించడమా? చారిగారు మర్యాదగా ఎడమకు తిరిగారు.

అంతే, దగ్గు తెర. పెదాలు నల్లబడ్డాయి. నర్సు పరుగున వచ్చి కుడికి తిప్పి ఆక్సిజన్ పెట్టింది. మూడు రోజులు ఒళ్లు కాలింది, సూదిమందులు మార్చారు. చారిగారి భార్య కాళికాంబ వియ్యంకుడితో మెల్లగా అంది:

"మీకు మర్యాద చెయ్యబోయి ఈయన పోయేవారే అన్నయ్యగారూ. ఇక రాబాకండి."

మర్నాడు ఆయన రానే వచ్చారు. పంచె ఎగ్గట్టి, పొట్ట లోపలికి పీల్చి, మంచానికీ గోడకూ మధ్య అడ్డంగా దూరి, నన్ను తన్నకుండా స్టూలు మీద కూలబడ్డారు.

"మీరు తిరగబాకండి బావగారూ. నేనే ఇటొచ్చా."

"ఇరుకు గదండీ."

"ఈ పొట్ట మీ అమ్మాయి వంటతో వచ్చింది. ఇరుకైతే తప్పు మీదే."

చారిగారు నవ్వబోయి పక్కటెముకలు పట్టుకున్నారు.

రోజూ ఆ సందులోకే వచ్చారు. చీము తగ్గింది. మళ్లీ కోసి, చిల్లు మూసి, మీద కండ అడ్డం పెట్టి కుట్టారు. కొన్నాళ్లకు డాక్టరమ్మ దగ్గమంది. మూడు తలలు నా మీదికి వంగాయి. చారిగారు దగ్గారు. ఒక్క బుడగ లేవలేదు. కాళికాంబ మరోసారి దగ్గించింది.

గొట్టం తీసిన రోజు నన్ను ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచిలో వేశారు. తీసుకుపోతుంటే, ఇక ఎటు తిరిగి పడుకున్నా భయం లేదని డాక్టరమ్మ చెబుతోంది. బ్రహ్మలింగం గారు గోడవైపు సందులోనే ఉన్నారు. ఎంతసేపు చెవి ఒగ్గినా మంచం కిర్రుమనలేదు.