గుప్పెడు కార్న్‌ఫ్లోర్

మీగడలో పంచదార వేసి మరిగించి నిమ్మరసం పిండితే, చల్లారాక అదే గడ్డకడుతుంది. చిన్నకోడలు ఆ మాటంటే, హోటల్లో వంటమాస్టరైన బావగారు ముక్కు చిట్లించారు.

"నాకు చెప్తావా అమ్మా? విరిగి చస్తుంది."

ఆమె అలాగే చేసి ఒక కప్పు నింపి ఫ్రిజ్‌లో పెట్టి, మిగతా కప్పుల కోసం పక్కగదిలోకి వెళ్ళింది. ఆ మహానుభావుడు గిన్నెలో గుప్పెడు కార్న్‌ఫ్లోర్ గుమ్మరించి గిలక్కొట్టారు. ఆమె గుమ్మంలోంచి చూసి, పెద్దాయన ముచ్చట తీరనీ అనుకుంది.

సాయంత్రానికి గిన్నెలోది బంకముద్దయింది.

"చెప్పానా? దండగ వంట!" ఆయన పెదవి విరిచారు.

ఆమె ఫ్రిజ్‌లోంచి తన కప్పు తీసి తోడికోడలికిచ్చింది. అది నోట్లో వెన్నలా కరిగింది. గిన్నెను మాత్రం ఆయన ముందుకు జరిపింది.

"ఇది మీ చేతివంట బావగారూ. మొహమాటపడకుండా మొత్తం కానివ్వండి."