మూడు పూటల మందు

మా రూబీకి ఆరేళ్ళు. అది తినేవి ఏడు. తెల్లన్నం, వేరే గిన్నెలో పెరుగు, చట్నీ తగలని ఇడ్లీ, కరకరలాడే బంగాళాదుంప వేపుడు, ఉడికిన గుడ్డులో తెల్లసొన, పాలు, ఒకే ఒక్క రకం బిస్కెట్టు. ఎనిమిదోది దొరుకుతుందేమోనని నాలుగేళ్ళుగా వెతుకుతున్నాను. అన్నానికి కూర ఆనిందంటే ఆ కంచం ఇక దానిది కాదు. పొయ్యి మీద చేపల పులుసు ఉంటే వంటింటి గడప తొక్కదు.

చుట్టాలందరూ నాకిచ్చే సలహా ఒకటే, గారాబం తగ్గించమని. నేను తెనాలి దగ్గర ఓ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మధ్యాహ్నం నలభై మంది పిల్లలు నా కళ్ళెదుటే పప్పూ గుడ్డూ ఊడ్చుకుని తింటారు. స్నేహలత టీచరు ఊరి పిల్లలకి తినిపిస్తుంది గానీ సొంత పిల్లకి తినిపించుకోలేదని నా వెనకాల అనుకుంటారు. నాకు కోపం ఎక్కువ. ఆ మాట అన్నవాళ్ళ ఇళ్ళకి వెళ్ళడం మానేశాను.

పోయినేడు జ్వరమొచ్చి ఒక పగలూ ఒక రాత్రీ ఏమీ తినకపోయేసరికి, తెల్లారి బాత్రూం గడప దగ్గర కళ్ళు తేలేసి పడిపోయింది. షుగరు బాగా పడిపోయిందని చెప్పి గ్లూకోజు ఎక్కించారు. ఆ రోజు పిల్లల డాక్టరమ్మ నన్నూ మా ఆయన్నీ కూర్చోబెట్టి మాట్లాడింది. ఇది పొగరు కాదు, గారాబమూ కాదంది. కొందరికి నాలుకా ముక్కూ మనకంటే చురుగ్గా ఉంటాయట. మనకి కొంచెం చేదనిపించేది వాళ్ళు నోట్లో పెట్టుకోలేరు. మెత్తగా జారేది తగిలితే కడుపు తిప్పేస్తుంది. చాలావరకు పుట్టుకతో వచ్చేదే. బలవంతం చేసినకొద్దీ భయం ముదురుతుంది. కొత్తది పక్కన పెట్టాలి, తినమని అడక్కూడదు, నెలలు పట్టినా ఓపిక పట్టాలి.

"పూటకి మించి ఖాళీ కడుపుతో మాత్రం ఉంచకండి. ఈ పిల్ల తట్టుకోలేదు," అంది. తర్వాత చీటీ రాస్తూ అడిగింది, "మీ ఇళ్ళల్లో ఇంకెవరికన్నా ఇలా ఉందా?"

నేను లేదన్నాను. మా ఆయన వినోద్ కుమార్ కూడా లేదన్నాడు. ఆయన మాట నేనెందుకు అనుమానిస్తాను? తొమ్మిదేళ్ళ కాపురంలో పెట్టింది కాదనని మనిషి. ఉప్పు ఎక్కువైనా, అడుగంటినా బాగుందనే అంటాడు. నాకు దొరికినటువంటి మొగుడు ఎవరికీ దొరకడని మా అమ్మ దగ్గర గొప్పలు పోయేదాన్ని.

జూన్ మొదట్లో బాపట్లలో టీచర్లకి మూడు రోజుల శిక్షణ పడింది. రాత్రిళ్ళు కూడా అక్కడే ఉండాలి. వినోద్‌కి తెనాలిలో ఓ ల్యాబులో ఉద్యోగం, ఆ వారమంతా పొద్దున ఆరింటికే డ్యూటీ. పిల్లని చూసుకోవడానికి ఇక మిగిలింది రేపల్లెలో ఉండే మా అత్తగారు.

మా అత్తగారు రాజమ్మ ముప్పై ఏళ్ళు చర్చి తరఫున బైబిల్ ఉమన్‌గా పనిచేసింది. సంచి భుజాన వేసుకుని రేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, వాక్యం చదివి ప్రార్థన చేసి వచ్చేది. ఏ ఇంట్లో ఏది పెడితే అది తినేది. నిన్నటి గంజి పెట్టినా వద్దనలేదని ఇప్పటికీ చెప్తుంది. ఆవిడ ఇంట్లో భోజనానికి ఒక పద్ధతి ఉంది. కంచాల్లో వడ్డించాక అందరికంటే చిన్నవాళ్ళు ప్రార్థన చెప్పాలి. ఆమెన్ అనేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదు. ప్రార్థన అయిన కంచంలో మెతుకు మిగల్చకూడదు.

ఆదివారం ఆరాధన అయ్యాక రూబీని తీసుకుని రేపల్లె రైలెక్కాను. ఇడ్లీ పిండి, బంగాళాదుంపలు, బిస్కెట్ పాకెట్లు, ఏ పూట ఏం పెట్టాలో రాసిన కాగితం, అన్నీ అప్పగించాను. డాక్టరమ్మ చెప్పింది కూడా చెప్పాను.

"రాసిచ్చావుగా అమ్మాయ్, చదువుకుంటాలే," అంది అత్తగారు. ఆ గొంతులో వెటకారం నాకు వినబడింది. విననట్టు ఊరుకున్నాను. మూడు రోజులు పిల్లని చూడాల్సింది ఆవిడే కదా మరి.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు తిందని ఫోన్లో చెప్పింది. శిక్షణలో మా ఫోన్లు హాలు గుమ్మం దగ్గర బుట్టలో వేయించుకున్నారు. సాయంత్రం ఏడింటికి తీసుకుని మళ్ళీ చేశాను. రూబీ మాట్లాడింది.

"అమ్మా, దేవుడికి అబద్ధం చెప్తే పాపమా?"

సండే స్కూల్లో ఏదో విని ఉంటుంది అనుకున్నాను. పక్కన ఇద్దరు టీచర్లు టీకి రమ్మని పిలుస్తున్నారు. "పాపమే నాన్నా. ఎవరికీ చెప్పకూడదు, దేవుడికి అసలే చెప్పకూడదు," అన్నాను.

"సరే," అంది. అత్తగారు ఫోను తీసుకుని, భోజనం వేళయింది పెట్టెయ్యమంది. పెట్టేశాను. పిల్ల మధ్యాహ్నం ఏం తిందో అడగనే లేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

మంగళవారం పొద్దున అత్తగారు ఫోను ఎత్తలేదు. మధ్యాహ్నం బుట్టలోంచి నా ఫోను అడిగి తీసుకుని భోజనాల లైన్లో నిలబడి చేశాను. నాలుగోసారికి ఎత్తింది.

"రూబీ తిందా అత్తయ్యా?"

"ఇంకా లేదు."

"ఒంటిగంటయింది కదండీ."

"గడియారం మా ఇంట్లోనూ ఉందమ్మాయ్."

"పొద్దునేం తింది?"

నిన్న రాత్రి ఏం తిందని కూడా అడిగాను. ప్లేటు పెట్టేసి లైన్లోంచి పక్కకి వచ్చాను.

"చేపల పులుసు కంచం పెట్టాను. ప్రార్థన చెప్పమన్నాను," అంది చివరికి. "మంచి భోజనం ఇచ్చినందుకు స్తోత్రం, సంతోషంగా తింటాం అని రెండు ముక్కలు. అవి చెప్పదు. ప్రార్థన చెప్పకుండా ముద్ద ఎట్టా పెడతాను? నిన్న మధ్యాహ్నం నుంచి నోరు బిగించుకుని కూర్చుంది."

"నేనిచ్చినవి పెట్టొచ్చు కదండీ."

"అవి పెడితే ఇది ఈ జన్మకి మారదు. ఇంకొక్క పూట ఓర్చుకో. వాడికీ మూడు పూటలే పట్టింది."

"ఎవరికి?"

"నీ మొగుడికి. దీని ఈడులో ఇంతకంటే ఘోరం వాడు. మూడు పూటలు పస్తు పెట్టా. నాలుగో పూటకి చేపల పులుసు కంచం ఖాళీ చేశాడు. ఇవాళ ఏది పెట్టినా తింటున్నాడంటే ఎవరి చలవ అనుకున్నావ్?"

రెండు ఇడ్లీలు తిని ఇరవై తొమ్మిది గంటలు. పోయినేడు పడిపోయినప్పుడు కూడా ఇంచుమించు అన్ని గంటలే. "అత్తయ్యా, షుగరు పడిపోద్ది. ముందు పాలివ్వండి. మీకు దణ్ణం పెడతాను," అన్నాను. నీళ్ళు తాగుతోందిగా అని ఫోను పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

వినోద్‌కి చేసి అంతా చెప్పాను.

"ఏవండీ, వింటున్నారా?"

"మూడు పూటలని చెప్పిందా?"

"చెప్పింది. మీ గురించే."

"బండి తీస్తున్నా. నువ్వూ బయల్దేరు," అన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

ఎవరికీ చెప్పకుండా బస్టాండుకి పరిగెత్తాను. చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బస్సు దొరికింది. అది ప్రతి ఊళ్ళో ఆగింది. బస్సుకి చెయ్యెత్తిన ప్రతి మనిషి మీదా నాకు మంట పుట్టింది. కాసేపటికి రూబీ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. దానికి చేపల పులుసు మంచి భోజనం కాదు. సంతోషంగా తినడం దానివల్ల కాదు. తింటానని చెప్తే దేవుడికి అబద్ధం చెప్పినట్టు. చెప్పొచ్చో లేదో నన్ను అడిగింది, వద్దన్నాను. అవతల అత్తగారు ఒక తలుపు మూసింది, ఇవతల నేనే రెండోది మూశాను. నా పిల్ల మధ్యలో ఉండిపోయింది. పక్కన కూర్చున్నావిడ ఏంటమ్మా ఏడుస్తున్నావని అడిగేదాకా నేను ఏడుస్తున్నట్టు నాకే తెలియలేదు.

నేను ఆటో దిగేసరికి మూడున్నర. డ్యూటీ అప్పగించి వచ్చేసరికి ఆలస్యమైందేమో, వినోద్ అప్పుడే బండి ఆపి గేటు దగ్గర నిలబడ్డాడు. హెల్మెట్ తియ్యలేదు, లోపలికి అడుగు వెయ్యలేదు. ఇంట్లోంచి చేపల పులుసు వాసన వస్తోంది. ఆయన్ని తోసుకుని లోపలికెళ్ళాను.

చాప మీద రెండు కంచాలు. ఒకదాని ముందు అత్తగారు, ఒకదాని ముందు రూబీ. రూబీ గోడకి తల ఆనించి ఉంది. పెదాలు ఎండిపోయాయి. పట్టుకుంటే చేతులు చల్లగా, చెమటగా తగిలాయి. "నేను అబద్ధం చెప్పలేదమ్మా," అంది. అంతే, కళ్ళు మూతలు పడ్డాయి.

వంటింట్లోకి పరిగెత్తి గోరువెచ్చటి నీళ్ళలో పంచదార కలిపి తెచ్చి ఒళ్ళో వేసుకున్నాను. అత్తగారు లేవబోయింది. "ప్రార్థన..." అంది.

"ఇంకొక్క మాట మాట్లాడితే నేనేం చేస్తానో నాకే తెలీదు," అన్నాను. అత్తగారితో అలా మాట్లాడటం అదే మొదలు. మొదటి చెంచా గడ్డం మీదికి కారిపోయింది. రెండోది కాస్త లోపలికి దిగింది.

అప్పుడు చూశాను, అత్తగారి కంచంలో అన్నం కూడా కదల్లేదు. చేతికి మెతుకు అంటలేదు. చిన్నవాళ్ళు ఆమెన్ అనందే ముద్ద ఎత్తనని ఆవిడా నిన్న మధ్యాహ్నం నుంచి పస్తే.

"నన్ను రాక్షసిని చూసినట్టు చూడబాకు," అంది నాతో. "మా అమ్మ కోసిన వరి తిన్నారు, మా అమ్మ చేతి నీళ్ళు తాగలా. నేను వాక్యం చెప్పడానికెళ్తే అరుగు కింద నిలబడమన్నారు. ఎంతోమంది మన చేతి కూడు వద్దన్నారమ్మాయ్. అందుకే ఎంత బీద ఇంట్లోనైనా నేను కంచం వద్దనలా. ఇప్పుడు నా రక్తమే నేను వండింది చూసి ముక్కు మూసుకుంటే నేను ఎట్టా ఓర్చుకోను?"

నా కోపం ఒక్క క్షణం ఆగిపోయింది. ఆ మాటల బరువు నాకు తెలియనిది కాదు, మా అమ్మమ్మా అవే చెప్పేది. కానీ నా ఒళ్ళో ఉన్నది నా పిల్ల. చెంచా మాత్రం ఆపలేదు.

వినోద్ లోపలికొచ్చాడు. వచ్చి రూబీ కంచం ముందు చాప మీద కూర్చున్నాడు.

"చూడవే," అంది అత్తగారు రూబీతో, "మీ నాన్న ఎట్టా తింటాడో చూడు."

"నేను తినడం లేదమ్మా," అన్నాడు వినోద్. "మింగుతున్నా."

అత్తగారికి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఊపిరి బిగబట్టి, నమలకుండా మింగుతా. రెండో ముద్దకల్లా నీళ్ళు తాగుతా. నాలుగో పూట నువ్వు చూసింది అదే. ఆకలికి ఆగలేక నేర్చుకున్నా. ముప్పై రెండేళ్ళయింది. అప్పుడు నువ్వు పెట్టిందీ అంతే, ఇప్పుడు స్నేహ పెడుతున్నదీ అంతే. డాక్టరమ్మ అడిగినప్పుడు సిగ్గేసి లేదని చెప్పా."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే నిన్ను వద్దన్నానని ఏడుస్తావుగా. ఆ రోజూ ఏడ్చావు." హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. "నిన్ను ఎప్పుడు వద్దన్నానమ్మా? ఆ వాసన పడదు. అంతకంటే ఏం లేదు. ఇదీ అంతే. దీనికి నువ్వంటే ప్రాణం."

అత్తగారు తలొంచుకుని కూర్చుంది. నేను చెంచా తర్వాత చెంచా పోస్తూనే ఉన్నాను. పదో చెంచాకో పన్నెండో చెంచాకో రూబీ నా చెయ్యి తోసేసి గ్లాసు తనే పట్టుకుంది. వేళ్ళు వెచ్చబడ్డాయి. కళ్ళు తెరిచి, "ఆకలేస్తోంది," అంది.

అత్తగారు లేచింది. తూలితే వినోద్ పట్టుకోబోయాడు, వద్దని చెయ్యి ఊపింది. పులుసు కంచాలు రెండూ తీసేసి, చేతులు సబ్బుతో కడుక్కుని, కొత్త కంచంలో వేడన్నం ఒక్కటే పెట్టుకొచ్చింది. పెరుగు వేరే గిన్నెలో తెచ్చింది. నేను రాసిచ్చిన కాగితం చదివిందన్నమాట. రూబీ ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ప్రార్థన చెప్పాలా నాయనమ్మా?" అంది రూబీ భయంగా.

"నీకు నిజమనిపించింది చెప్పమ్మా."

రూబీ చేతులు జోడించింది. "ప్రభువా, తెల్లన్నానికి స్తోత్రం. ఆమెన్," అంది.

"ఆమెన్," అంది అత్తగారు. రూబీ తింటోంది. నాలుగు ముద్దలు దిగేదాకా ఆవిడ కళ్ళు తిప్పలేదు. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"నీకేం వండమంటావురా? నీకేది ఇష్టం?"

వినోద్ నోరు తెరిచి ఏదో చెప్పబోయాడు. చెప్పలేకపోయాడు. ఆలోచిస్తూ రూబీ కంచం వైపు చూశాడు, వంటింటి వైపు చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి ఆ చిన్న ప్రశ్నకి చెమటలు తుడుచుకున్నాడు.

"తెలీదమ్మా," అన్నాడు.

అత్తగారు నా వైపు చూసింది, భార్యకైనా తెలిసి ఉంటుందని. నాకూ తెలియదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.