బోడికొండ మీద పిట్టకొయ్య

నేను ఒక పిట్టకొయ్యను. పదడుగుల వెదురు బొంగు, తలమీద అడ్డంగా కట్టిన కర్ర, అంతే నా ఒళ్లు. చింతలగొంది ఊరికి పైనున్న బోడికొండ మీద కొర్ర సొంబారి నన్ను పాతింది.

ఒకప్పుడు అక్కడ దట్టమైన అడవి ఉండేది. పోడు కోసం ఊరివాళ్లు ఏటా కొంత నరుక్కుంటూ పోయారు. చివరికి ఎర్రమట్టి మిగిలింది. ఒక ఏడు వానలకు ఆ మట్టి జారి సొంబారి చేనును కప్పేసింది. ఆమె కొండమీద నాటిన మొక్కలేవీ బతకలేదు. పిట్టలు వాలే చోటు చూపిస్తే అవే రెట్టల్లో గింజలు తెస్తాయని ఆ మొక్కలిచ్చిన నర్సరీ ఆవిడ చెప్పింది. బతికున్న చెట్లన్నీ నరికి, చచ్చిన వెదురును పాతి, అడవిని తెచ్చిపెట్టమని పిట్టలను అడగడం మనుషులకే చెల్లింది.

పిట్టలు కాదనలేదు. పిగిలిపిట్టలు, గోరింకలు నామీద వాలి వెళ్లేవి. రెండేళ్లకు నా మొదట్లో మేడి, నేరేడు మొలకలు మోకాలెత్తు లేచాయి. సొంబారి వాటికి ముళ్లకంప కట్టి, బిడ్డల్ని చూసినట్టు చూసుకుంది. కానీ వాటి వేళ్లు ఇంకా జానెడు లోతుకే దిగాయి.

మూడో ఏడు శ్రావణంలో తొమ్మిది రోజులు ముసురు వదల్లేదు. నేను ఊరివైపు ఒరిగాను. మేకల పనేమో అనుకుని సొంబారి నన్ను నిలబెట్టి రాళ్లు బిగించింది. మర్నాటికి మళ్లీ ఒరిగాను. నేనొక్కదాన్నే కాదు, సొంబారి కొండంతా పాతిన నలభై కొయ్యలూ అటే. నా వెనక నేల వేలెడు వెడల్పున నెర్రె విచ్చింది.

ఆమె పరుగున వెళ్లి మామ బుద్రును తీసుకొచ్చింది. ఊరికి పెద్ద ఆయనే.

“కొయ్య వొరిగితే కొండ పడిపోద్దేటే కోడలా? నా గొడ్డలి పడని సోటు నేదిక్కడ. నన్నేటి సేస్తాది?”

“ఓపాలి సెయ్యెట్టి సూడు మామా.”

ముసలాయన అరచెయ్యి నా ఒంటికి ఆనించాడు. లోపల మట్టి నన్ను లాగుతున్న వణుకు ఆ చేతికి తెలిసింది.

“కదుల్తాంది,” అన్నాడు. “పిల్లల్ని తీసుకుపోండి. సామాన్లు ఒగ్గీండి!”

ఆయనే డప్పు కొట్టుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు. మధ్యాహ్నానికి ఊరంతా కిందనున్న గెడ్డవాగు దాటి, అవతలి కొండ కిందున్న బడికి చేరింది.

కాసేపటికి కొండ దిగింది. మొలకలు నిలబడే కొంతదూరం జారాయి, తర్వాత తలకిందులయ్యాయి. ఇరవై రెండిళ్లు మట్టిలో కలిసిపోయాయి. మనుషులు దక్కారు. బడి అరుగు మీద కూలబడిన బుద్రు, “నానే నరికినాను” అన్నాడు.

నేను సగం మట్టిలో కూరుకుపోయి గెడ్డ ఒడ్డున పడి ఉన్నాను. ఇక్కణ్ణుంచి బడి కనిపిస్తుంది. దాని వెనక కొండా కనిపిస్తుంది, అదీ బోడిదే. సొంబారి దానిమీద కొత్త కొయ్యలు పాతింది. తెల్లారగానే వెళ్లి ఒక్కోదాని పక్కన దారానికి రాయి కట్టి వేలాడదీసి, కొయ్య ఒరిగిందేమోనని చూస్తుంది.

ఇవాళ్టికి నిటారుగానే ఉన్నాయి.