ఏడో నంబరు పంపు

మొదటిసారి నింపిన నీళ్ళు పారబోశాడు. రెండోసారి నింపి, మూత బిగించి, సీసాని చెవి పక్కన గిలక్కాయలా ఆడించి అవీ పారబోశాడు. మూడోసారీ అంతే. నాలుగోసారి పట్టిన నీళ్ళే పరీక్షకి వెళ్తాయి. ఏ పంపు నీళ్ళయితే ఆ నీళ్ళతోనే మూడుసార్లు సీసా తొలవాలని ఉద్యోగంలో చేరిన రోజున నేర్పారు. ముప్ఫై ఒక్కేళ్ళయినా ఆయన చెయ్యి మర్చిపోలేదు. ఒకే ఒక్కసారి తప్ప.

చెత్తగుట్ట మీంచి పొగ నేలబారున పాకుతోంది. ఊరంతటి చెత్తా నలభై ఏళ్ళుగా అక్కడే పోస్తున్నారు. దాని చుట్టూ ఇళ్ళు, ఆ ఇళ్ళ మధ్య తొమ్మిది చేతిపంపులు. గుట్టలోంచి దిగే విషం ఏ పంపులోకి ఎంత చేరిందో చూడటానికి మూడు నెలలకోసారి మంచుపెట్టె పట్టుకుని వస్తాడాయన. ఆఫీసులో అందరికీ బాబాయ్. ఇక్కడ మాత్రం సీసాల తాత.

ఆరో నంబరు సీసా మీద చీటీ అంటించి, పెట్టెలో ఐసుముక్కల మధ్య పడుకోబెట్టి లేచాడు. లేవడానికి పంపు పిడి పట్టుకోవలసి వచ్చింది. పొద్దుటి నుంచీ ఎడమ చెయ్యి లాగుతోంది.

"ఒంట్లో బాగోలేదంటూనే ఈ పరుగేమిటి? ఆ పంపులేమైనా పారిపోతాయా?" అంది భార్య పొద్దున, అడుగున సొట్ట పడ్డ స్టీలు ఫ్లాస్కులో వడగట్టిన నీళ్ళు పోస్తూ.

"ఇది మూడోసారి," అన్నాడు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

"ఏది మూడోసారి?"

"ఏడోది."

"నన్ను కాదు, ఆ సీసాల్ని కట్టుకోవలసింది మీరు. ఏం మాట్లాడుతున్నారో వాటికైనా అర్థమయ్యేది."

వరుసగా మూడుసార్లు నీళ్ళు చెడ్డవని తేలితే పంపు పిడి ఊడదీసి, ఎర్రరంగు పూసి, ఆ వీధికి నీళ్ళ లారీ పంపుతారు. మధ్యలో ఒక్కసారి బాగున్నాయని వచ్చినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఏడో నంబరుకి రెండుసార్లు అయిపోయాయి. ఇవాళ మూడోది.

నాలుగేళ్ళ కిందట కూడా సరిగ్గా ఇక్కడికే వచ్చి ఆగింది. ఆ రోజు వాన దంచికొడుతోంది. ఏడో నంబరుకి వెళ్ళే సందులో మోకాలిలోతు బురద. ఆరో నంబరు దగ్గరే నిలబడి రెండు సీసాలు నింపేశాడు. "ఆరూ ఏడూ కవలపిల్లల్లా ఉన్నాయేమిటి బాబాయ్!" అని పరీక్షలు చేసే అమ్మాయి నవ్వింది. ఆయనా నవ్వాడు. ఏడో నంబరు మంచిదైపోయింది. తర్వాత వచ్చినప్పుడు ఆ పంపు ఎదురింటావిడ బిడ్డని ఊపుతూ, "నీళ్ళు బాగున్నాయా తాతా?" అనడిగింది. "బాగున్నాయమ్మా," అన్నాడు. ఆ పైసారి వచ్చేసరికి ఉయ్యాల లేదు. ఇంకోసారి వచ్చేసరికి ఆ ఇంట్లో మనుషులే లేరు. ఆ నీళ్ళవల్లేనని ఏ డాక్టరూ రాయలేదు. కాదని ఎవరూ అనలేదు. అప్పట్నుంచీ ఓసారి మంచీ ఓసారి చెడూ వస్తూ ఏడో నంబరు లెక్క మూడుకి చేరనే లేదు. ఆ పంపు పిడి కిర్రుమన్నప్పుడల్లా ఎవరో ఉయ్యాల ఊపుతున్నట్టే ఉంటుంది ఆయనకి.

ఇవాళా ఆ చప్పుడు సందు మొదట్లోనే వినిపించింది. ఆగిపోయాడు. పంపు దగ్గర ఎవరూ లేరు. చప్పుడు ఇంట్లోంచి వస్తోంది. గుమ్మంలోంచి చూస్తే అదే కొక్కానికి వేరే చీరతో ఉయ్యాల.

"వచ్చాడండీ సీసాల తాత, మా నోటికాడి నీళ్ళు లాక్కోవడానికి!" అంటూ బయటికొచ్చింది కొత్తగా అద్దెకి దిగిన అమ్మాయి. చంకలో ఆరు నెలల ఆడపిల్ల. పాతికేళ్ళు కూడా ఉండవు గానీ నిద్రలేక కళ్ళు లోపలికి పోయాయి. మాట్లాడుతూనే పిల్ల నుదురు ఒకసారి, పొట్ట ఒకసారి తడిమి చూసుకుంటోంది.

"నేను లాక్కునేదేముందమ్మా..."

"పై వీధి పంపుకి రంగు పూశారుగా. లారీ రెండు రోజులకోసారి వస్తే బిందెలతో కుమ్ముకుంటున్నారు. చంటిదాన్నేసుకుని ఆ తోపులాటలో నేనేం పట్టుకోను? ఆయన పనికి పోతే మళ్ళీ పొద్దుగూకాకే." ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. "తాతా, నీకు పుణ్యముంటుంది. ఆరో నంబరు దగ్గర పట్టుకుని దీని మీద ఏడని రాసెయ్యి. ఎవరికి తెలుస్తుంది?"

ఆయన పంపు గట్టు మీద కూలబడ్డాడు. ఖాళీ సీసా సిమెంటు మీద పెట్టి ఎడమ చెయ్యి రుద్దుకున్నాడు.

"తెలుస్తుందమ్మా."

"ఎవరికి?"

ఆయన ఆమె భుజం మీదుగా ఇంట్లోకి చూస్తున్నాడు. "నాలుగేళ్ళ కిందట నేనదే చేశాను. వానకి బద్ధకించి," అన్నాడు. భార్యకి కూడా చెప్పని మాట అది. "ఈ ఇంట్లోనే ఉండేవాళ్ళు. ఆ కొక్కానికే ఉయ్యాల కట్టుకున్నారు."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. చంకలో ఉన్న పిల్లని రొమ్ముకి హత్తుకుంది.

"ఆ బిడ్డ...?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"నేను కాచే పోస్తున్నాను తాతా. బట్టతో వడగట్టి, తెర్లకాచి, చల్లార్చి..." ఆమె మాటలు తడబడుతున్నాయి.

"కాస్తే పురుగు చస్తుంది తల్లీ. ఇది పురుగు కాదు. కాచేకొద్దీ చిక్కబడుతుంది."

 ఈ ఇంట్లో దిగి ఎన్ని నెలలైందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. చటుక్కున వచ్చి, ఒక చేత్తో పిల్లని పొదివి పట్టుకుని, రెండో చేత్తో పంపు పిడి అందుకుంది.

"నీకు చేతకావట్లేదు గానీ, సీసా పట్టు," అంది.

పిడి కిర్రు కిర్రుమంది. మూడుసార్లు తొలిచి, నాలుగోసారి నింపాడు. మూత బిగించి, సీసాని వెలుగుకి ఎత్తి చూశాడు. తేటగా ఉన్నాయి నీళ్ళు. ఎప్పుడూ తేటగానే ఉంటాయి.

వెళ్ళేముందు సంచిలోంచి ఫ్లాస్కు తీసి గుమ్మంలో పెట్టాడు. "మా ఆవిడ పోసింది. ఇంకా ముట్టుకోలేదు. ఈ పూటకి పిల్ల పాలలో ఇవి కలుపు. రేపట్నుంచి మీ ఆయన్ని అవతలి పేటనుంచి ఒక్క బిందె తెమ్మను. ఫ్లాస్కు మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటాను."

"మూడు నెలల దాకా రావుగా?"

"ముందే వస్తాలే. అది లేకుండా వెళ్తే మా ఆవిడ ఇంట్లోకి రానివ్వదు."

ఆమె నవ్వబోయింది, నవ్వు రాలేదు.

మిగిలిన రెండు పంపులూ అయ్యాయి. సీసాలు నాలుగింటిలోగా పరీక్షల గదికి చేరాలి. ఐసు కరిగినా, ఆలస్యమైనా అన్నీ పారబోస్తారు. లెక్క మళ్ళీ ఆగిపోతుంది. బస్సులో పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"పెట్టెకి టిక్కెట్టు కొట్టమంటావా పెద్దాయనా?" అన్నాడు ఎరిగున్న కండక్టరు.

"ఒళ్ళో కూర్చునేవాళ్ళకి టిక్కెట్టేమిటయ్యా," అన్నాడు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది. బస్సు కుదుపులకి పైన ఏదో కడ్డీ కిర్రు కిర్రుమంటోంది. కళ్ళు మూసుకుని వింటూ కూర్చున్నాడు. ఏ మలుపు దగ్గరో ఆ చప్పుడు ఆయనకి వినపడటం మానేసింది.

ఆఖరి స్టాపులో కండక్టరు భుజం తట్టాడు. ఇంకోసారి తట్టాడు. రెండు చేతులూ పెట్టె చుట్టూ బిగుసుకుని ఉంటే ఒక్కొక్క వేలే విడదీయవలసి వచ్చింది. అంబులెన్సుకి ఫోను చేయించి, మూత మీదున్న అడ్రసు చదివి, ఎదురు వీధిలోకి పెట్టె తనే మోసుకెళ్ళాడు.

పరీక్షలు చేసే అమ్మాయి కబురు విని నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. తర్వాత అదే చెయ్యి పెట్టెలో పెట్టి ఐసు తడిమింది. గడియారం చూసింది. నాలుగుకి ఇరవై నిమిషాలు తక్కువ. చీటీల మీద సంతకాలన్నీ ఉన్నాయి. "టైములోనే తెచ్చాడు," అంది ఎవరితోనో. రెండు రోజుల తర్వాత కాగితం మీద చూస్తే ఆరుకీ ఏడుకీ ఎక్కడా పోలికే లేదు.

పై వారం పంపు పిడి ఊడదీయడానికి ఎవరో కొత్త మనిషి వచ్చాడు. "సీసాల తాత రాలేదేం?" అని గుమ్మంలోంచే అడిగింది ఆ అమ్మాయి. చెప్పాడు. ఎర్రరంగు ఆరేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది.

లారీ వచ్చిన రోజున తోపులాటలో ఎవరో, "చంటిపిల్ల తల్లిని ముందు పట్టుకోనివ్వండే!" అని అరిచారు. ఆమె బిందె కన్నా ముందు ఫ్లాస్కు చాపింది. ఆ నీళ్ళతోనే మూడుసార్లు తొలిచి పారబోసి, నాలుగోసారి నింపింది. వెనకవాళ్ళు తిట్టుకున్నారు. పట్టించుకోలేదు.

దాన్ని ఎవరికి ఇవ్వాలో, ఆయన ఇల్లెక్కడో ఆమెకి తెలీదు. తోమి, తుడిచి కిటికీ గట్టు మీద పెట్టింది. అడుగున సొట్ట వల్ల ఫ్లాస్కు సరిగ్గా నిలబడదు. పక్కన ఉయ్యాల ఊగినప్పుడల్లా అది కూడా కొంచెం కదులుతుంది.