విప్పి కుట్టిన కుట్టు

ఆపరేషనైన తొమ్మిదో రోజున పెద్ద డాక్టరు తనే కుర్చీ జరిపి "కూర్చోండమ్మా" అన్నప్పుడే దర్జీ ఆవిడకు అనుమానం వచ్చింది. అంతకుముందు ఎనిమిది రోజులూ ఆయన ఆవిడ మొహం చూసిన పాపాన పోలేదు. అతి వినయం ధూర్త లక్షణమని ఊరికే అనలేదు. జాకెట్టు చంక దగ్గర తప్పు కత్తిరించి, విప్పి మళ్ళీ కుట్టిన రోజున తనూ ఇంతే. "రండి వదినా, కూర్చోండి వదినా" అంటూ, తిరగేసి చూడనివ్వకుండా మడతపెట్టి చేతిలో పెట్టేస్తుంది.

ఆవిడ భర్త బస్సు డ్రైవరు. పిత్తాశయంలో రాళ్ళని కడుపు కోశారు. గంట పనన్నారు, నాలుగు గంటలకు గానీ బయటికి తీసుకురాలేదు. ఎందుకంటే "రాళ్ళు మొండివి" అన్నారు. అప్పట్నుంచీ జ్వరం, కడుపులో పోటు. మందులు మారుతున్నాయి గానీ జ్వరం మాత్రం కదలడం లేదు.

"ఇంటికెళ్తే అదే తగ్గుతుంది" అంటూ డాక్టరు ఓ కాగితం ముందుకు తోశాడు. అడుగున సన్నటి అక్షరాలు: మా ఇష్టంతోనే తీసుకెళ్తున్నాం, చికిత్స మీద మాకే ఫిర్యాదూ లేదు.

"చదివి సంతకం పెడతానండీ" అని ఆవిడ దాన్ని సంచిలో పడేసుకుంది.

వార్డులో నర్సు కట్టు మారుస్తోంది. "బయట ఉండమ్మా" అంది.

"కుట్లు చూసి జడుసుకునే మనిషిని కాదులే" అని ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వంగింది.

నల్లదారం కుట్ల మధ్యమధ్యలో చిన్నచిన్న చిల్లులు. సూది దిగినట్టుంది గానీ దారం లేదు. బట్టయితే గోటితో రుద్ది, ఇస్త్రీ పెట్టి మాయం చేయొచ్చు. మనిషి చర్మానికి ఇస్త్రీ పెట్టలేరు.

"ఎన్నిసార్లు కుట్టారమ్మా?"

"నన్నడక్కు" అంది నర్సు, గబగబా కట్టు చుట్టేస్తూ. ఒక్కసారేనని మాత్రం అనలేదు. ఆవిడకు ఒళ్ళు మండింది.

"గొడవెందుకే, పోదాం పద" అని మూలిగాడు భర్త. "వాళ్ళకు తెలీదా?"

"తెలుసు కాబట్టే పొమ్మంటున్నారండీ."

తన దగ్గర నల్లకోట్లు కుట్టించుకునే లాయరమ్మకు ఫోన్ చేసింది. లాయరమ్మ నాలుగు ముక్కల్లో చెప్పింది. "ఆ కాగితం మీద సంతకం పెట్టకు. కేసు షీటు కాపీ అడగడం మీ హక్కు. మీ ఆయన సంతకంతో అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో. ఇంకో డాక్టరుకు చూపించుకోవడానికి వాళ్ళ అనుమతి అక్కర్లేదు."

ముద్ర వేయించుకోవడానికి మూడు కిటికీలు తిరిగింది. మర్నాటికి కాపీ చేతికొచ్చింది. కోత ఒకటి, కుట్టు ఒకటి అని రాసుంది. నెత్తురు అద్దడానికి లోపల పెట్టిన గాజుగుడ్డలెన్ని, తీసినవెన్ని అని రాయాల్సిన గడి మాత్రం ఖాళీ.

ఆవిడ ఆ కాపీ పట్టుకెళ్ళి చిల్లుల సంగతి అడిగితే డాక్టరు నవ్వాడు. "బట్ట వేరు, ఒళ్ళు వేరమ్మా."

"నిజమేనండీ. నాకేం తెలుసు? అందుకే మీరే రాసివ్వండి." ఆయన ఇచ్చిన కాగితం పక్కనే ఆవిడ ఓ తెల్లకాగితం పరిచింది. "ఒక్కసారే కోశాం, లోపల ఏమీ మిగల్లేదు అని రాసి సంతకం పెట్టండి. మీరు పెట్టగానే నేనూ పెడతాను."

ఆయన పెన్ను మూత తీశాడు. ఒక్క అక్షరం కూడా పడలేదు. మూత మళ్ళీ పెట్టేసి, కిటికీ వైపు చూస్తూ "ఓసారి స్కాన్ తీయిద్దాం" అన్నాడు.

"తీయిద్దాం. ఇక్కడ కాదు."

ఆ మధ్యాహ్నమే భర్తను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి డాక్టరమ్మ స్కాన్ చూపించి, గుడ్డల లెక్క తప్పిందని కుట్లు విప్పి వెతికి, దొరక్క మళ్ళీ కుట్టేసినట్టున్నారని ఉన్నదున్నట్టు చెప్పి, కడుపులోంచి చేతిరుమాలంత గాజుగుడ్డ తీసింది. ఇంకో వారం ఆగితే మనిషి దక్కేవాడు కాదంది. దర్జీ ఆవిడ మెట్ల మీద కూలబడి భోరున ఏడ్చింది. లేచాక లాయరమ్మకు ఫోన్ చేసి, ఫిర్యాదు రాయమంది.

నెల తర్వాత దుకాణం తెరిచింది. లోపల భర్త గంజి తాగుతూ, ఉప్పు తక్కువైందని సణుగుతున్నాడు. ఆ సణుగుడు చెవికి హాయిగా ఉంది. మొదటి బేరం, ఎదురింటి వదిన, జాకెట్టు కోసం వచ్చింది. దర్జీ ఆవిడ అలవాటుగా మడతపెట్టబోయి ఆగింది. జాకెట్టు తిరగేసి బల్ల మీద పరిచింది.

"చంక దగ్గర తప్పు కత్తిరించాను వదినా. విప్పి మళ్ళీ కుట్టాను. ఇదిగో, ఇక్కడ. చూసుకోండి."