హిద్ రోడ్డు మీద ముత్తన్న కూత

ప్రతి ఉదయం ఐదింటికి ముత్తన్న కూలీల క్యాంపు గేటు గొలుసు తీసేవాడు. ఓడరేవుకు పోయే బస్సు హారను కొట్టకముందే మనుషులను వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరి బ్యాడ్జీ చూసి, హెల్మెట్ మరిచిపోయినవాణ్ణి వెనక్కి తరిమేవాడు. ఆ వరుసలో అతని బామ్మర్ది లక్ష్మణ్ ఎప్పుడూ చివరనే ఉండేవాడు. తన చాయ్‌లో సగం అతనికి మిగల్చడం ముత్తన్నకు అలవాటు; దానితోపాటు రోజుకొక మాట పడడం లక్ష్మణ్‌కు అలవాటు.

"మీ అక్క ముత్తెమ్మ ఫోన్ల ఏమన్నదో ఎర్కేనా? తమ్ముడు చిక్కిపోయిండట. నీ అన్నం నేను గుంజుకొని తింటున్ననట."

"అండ్ల అబద్ధమేమున్నది బావా?"

"యల్లా, ఎక్కు ఎక్కు. దుబాయికొచ్చినా నీ నోరు మారలే."

అది బహ్రెయిన్ అనీ, తామున్నది హిద్ అనే సముద్రతీరపు పట్నంలో అనీ ఇద్దరికీ తెలుసు. కానీ జగిత్యాల దగ్గరి వారి ఊళ్లో గల్ఫంతా దుబాయే గనుక, ఆ పేరును వారు మార్చుకోలేదు.

యుద్ధం ఆగి అప్పటికి ఐదు నెలలు. యుద్ధం చివరి వారంలో, ఆకాశంలో కూల్చిన డ్రోను తునకలు క్యాంపు ఆవరణలో పడి సైరన్ స్తంభం విరిగింది. అది సరాసరి ముత్తన్న ఛాతీ మీద కూలింది. ఎముక విరగలేదు, చర్మం చిట్లలేదు. మూడోనాటి నుంచి సైరన్ అతని ఛాతీలో కూయసాగింది. పెదవులు మూసుకునే ఉండేవి. కూత మాత్రం పక్కటెముకల నడుమ నుంచి లేచి రెండు మైళ్ల దాకా వినిపించేది. అతడున్న చోటికి కీడు వస్తున్నదంటే మొదలయ్యేది, కీడు ఉన్నంతసేపూ సాగేది. క్యాంపు డాక్టరు స్టెతస్కోపు పెట్టి, చెవులు నొప్పి పుట్టి వెంటనే తీసేసి, బలానికి మాత్రలు రాసిచ్చాడు. కంపెనీవారు కొత్త స్తంభం ఖర్చు తప్పిందని సంతోషించారు.

ఆ పేట కౌన్సిల్ మెంబరు అబూ నాసిర్ పద్ధతి గల మనిషి. ముత్తన్న కూసినా సైరన్ కూసినట్టేననీ, ఆ కూత వినిపిస్తున్నంతసేపు వీధిలో వాహనం కదలరాదనీ, చెక్‌పోస్టుల్లోని కాపలావాళ్లు సైతం కాంక్రీటు గదుల్లోకి పోవాలనీ ఒక తీర్మానం చేయించాడు. దాని కింద కెప్టెన్ డెక్కర్ కూడా సంతకం పెట్టాడు.

ఈ డెక్కర్ సముద్రాలకు ఆవలి దేశం నుంచి వచ్చినవాడు. యుద్ధం తరువాత రేవు చుట్టుపక్కల రక్షణకు ఒక పెద్ద దేశం సాయం ప్రకటించింది. ఆ సాయంతోపాటు డెక్కర్ నడిపే ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీ కూడా దిగింది. దాని గడువు ఏడాది. పేటలో ఇంకా ప్రమాదం ఉందని రుజువైతే డెక్కర్ నిలుస్తాడు. లేదని రుజువైతే కాపలా పని అబూ నాసిర్ మనుషుల చేతికి వస్తుంది, దానితో వచ్చే పలుకుబడి అబూ నాసిర్‌కు వస్తుంది. కాబట్టి ఒకరికి సంఘటనలు కావలసి వచ్చాయి, మరొకరికి అవి ఎంతమాత్రం పనికిరాలేదు. మధ్యలో నూటయాభై మంది కూలీలు అన్నం తిని నిద్రపోవలసి ఉంది.

ఆ శుక్రవారం సెలవు కావడంతో కూలీల్లో చాలామంది బయటికి పోయారు. మధ్యాహ్నం వంటవాడు అప్పాజీ అన్నం వార్చి, గంజి బకెట్టు పక్కన పెట్టి, గుండిగ మీద మూత వేశాడు. అప్పాజీ రాజోలు మనిషి, యాభై దాటినవాడు. ఆ మూత డ్రోను రెక్క ముక్క. ఆవరణలో పడిన వారానికే దాన్ని తోమి, అంచులు రాయి మీద అరగదీసి, గుండిగకు సరిపెట్టుకున్నాడు. "ఇంత తేలికైన సామాను మన కాకినాడ బజార్లో కూడా దొరకదండీ" అని వచ్చినవారికల్లా చూపించేవాడు.

గేటు దగ్గర ముత్తన్న ఛాతీ కూసింది. జనం ఎప్పటిలాగే వంటశాల వెనుక బియ్యం గదికి పరుగెత్తారు. క్యాంపులో మందపాటి గోడలున్నది ఆ గదికే. అయితే ఆ గదిలోనే కొండగట్టు అంజన్న పటం ఉండేది, దాని పక్కన అప్పాజీ వేలాడదీసిన సిలువ ఉండేది. అందువల్ల ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరుగెత్తుతున్నా, గడప దగ్గర ఒక్క క్షణం నిలిచి ప్రతివాడూ చెప్పులు విడిచాడు. లోపల ముప్పైమంది దీపం ఆర్పి, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బయట ముప్పై జతల చెప్పులు గుట్టపడి ఉన్నాయి. చెవులకు మూతలు పెట్టుకుని వచ్చిన డెక్కర్ మనుషులకు క్యాంపంతా వెతికే శ్రమ లేకపోయింది. ఆ చెప్పులను తొక్కుకుంటూ వచ్చి తలుపు పగలగొట్టారు.

ఇనుప పైపులు మొదట మోకాళ్ల మీద పడ్డాయి. మోకాళ్లు వంగాక వీపుల మీద, వీపులు వంగాక తలల మీద పడ్డాయి. ఒకని పళ్లు బియ్యం బస్తాల మధ్య చిందాయి. ఇంకొకని మోచెయ్యి వెనక్కి తిరిగిపోయింది. "డ్రోను సామాను ఎక్కడ దాచారు? ఎవరికి అమ్ముతున్నారు?" అని డెక్కర్ వచ్చీరాని హిందీలో అడుగుతున్నాడు. లక్ష్మణ్ బస్తాల గుట్ట పైన, కప్పుకు ఆనుకుని పడుకుని ఉన్నాడు. చేతిలోని ఫోను కెమెరా ఎప్పుడు తెరిచాడో అతనికే తెలియదు. అది చూస్తూ ఉంది.

ఎవడో వంటశాలలోంచి మూత పట్టుకొచ్చాడు. డెక్కర్ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, నవ్వాడు.

"మూతండీ బాబూ, అన్నం మూత" అన్నాడు అప్పాజీ. ఆ మాట అర్థం కాలేదేమోనని వారిని గుండిగ దగ్గరికి తీసుకుపోయి, మూత దాని మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూపించాడు. ఒకడు పొగలు కక్కే గంజి బకెట్టును అతని మెడ మీద కుమ్మరించాడు. అప్పాజీ కేక తలుపు పగిలిన బియ్యం గదిలో అందరికీ వినిపించింది. తరువాత పైపు నాలుగుసార్లు లేచింది. నాలుగోసారి కేక లేదు.

ముత్తన్న కూత ఆగిన పావుగంటకు అబూ నాసిర్ వచ్చాడు. తెల్లని అంగీ అంచులు తడవకుండా ఎత్తిపట్టి, శవాన్నీ డెక్కర్‌నూ మార్చి మార్చి చూశాడు. తన పేటలో సంఘటన జరిగిందని రాయడం అతనికి కుదరదు. తన మనుషులు వంటవాణ్ణి చంపారని రాయడం డెక్కర్‌కు కుదరదు. ఇద్దరూ బయటికి పోయి మాట్లాడుకున్నారు. వంటవాడు గంజి మీద కాలుజారి గుండిగ అంచుకు తల కొట్టుకుని మరణించాడని ఒక కాగితం తయారైంది. తీర్మానం తరువాత ఆ ఇద్దరూ కలిసి సంతకం పెట్టినది దాని మీదనే.

లక్ష్మణ్ చేతిలోని ఫోను వెలుగును ఒక కాపలావాడు చూశాడని మర్నాటికి తెలిసింది. క్యాంపు రోడ్డు మీది మూడు చెక్‌పోస్టుల బోర్డులకూ లక్ష్మణ్ ఫోటో ఎక్కింది, క్యాంపులో నెట్టు ఆగిపోయింది. ముత్తన్న అతణ్ణి మేడ మీది ఎండిన నీళ్ల ట్యాంకులోకి దించాడు.

డెక్కర్ గేటుకు వచ్చి సూటిగా చెప్పాడు: "రేపు పదింటికి నీ బామ్మర్ది, ఫోను, రెండూ నాకు కావాలి. లేకపోతే ఈసారి బియ్యం గది చాలదు."

అతడు పోయాక అబూ నాసిర్ ఖర్జూరం డబ్బాతో వచ్చాడు. "ముత్తన్నా, నువ్వు మా పేట మనిషివి. ఫోను నాకివ్వు భాయ్. ఆ పరదేశివాణ్ణి సాగనంపుతాను."

"మరి అప్పాజీ సంగతి సాబ్?"

"అతడు జారిపడ్డాడు కదా!"

"గట్లనా" అన్నాడు ముత్తన్న. ఖర్జూరం తీసుకోలేదు.

క్యాంపు ఆఫీసు క్లర్కు క్రిస్టీనాది పాలకొల్లు. మనామాలోని తెలుగు ప్రార్థన సహవాసంలో అప్పాజీ ఆమె వెనుక వరుసలో కూర్చునేవాడు. ఆమె ఆ సాయంత్రమే కంపెనీ కూలీల పాస్‌పోర్టులు దాచే బీరువా తెరిచి, లక్ష్మణ్ పాస్‌పోర్టు తీసి, దానిలో టికెట్టు పెట్టి తెచ్చి ట్యాంకులోకి అందించింది.

"తమ్ముడూ, రేపు మధ్యాహ్నం రెండింటికి ఫ్లైటు. మూడో చెక్‌పోస్టు దాటితే పెట్రోలు బంకు వస్తుంది. అక్కడ మా సహవాసం థామస్ అన్నయ్య తెల్ల కారు ఉంటుంది. ఎయిర్‌పోర్టు అక్కణ్ణించి పది నిమిషాలు. ఈ మైలున్నర ఎలా దాటతావో మాత్రం నాకు తెలియదమ్మా."

"అది నేను జూసుకుంట చెల్లె" అన్నాడు ముత్తన్న.

ఆమె దిగిపోయాక అతడు ట్యాంకు అంచు మీద కూర్చుని, పొద్దున తినబోయే ఉప్మా గురించి చెబుతున్నంత నిమ్మళంగా చెప్పాడు. "రేపు నేను కూస్తున్నంతసేపు రోడ్డు నీది. ఆ తీర్మానం మీద ఇద్దరూ సంతకం పెట్టిండ్రు. నడువు, ఉర్కకు. ఉర్కితె కిటికీలకెల్లి జూస్తరు."

"నిన్ను కొడితెనే గద బావా అది కూసేది?"

"మరి ఉత్తగ కూస్తదా?"

"నేను పోను."

"మీ అక్క మాటలు ఇరవై ఏండ్లు పడ్డోణ్ణి, ఈళ్ల దెబ్బలు నాకో లెక్కనారా? అప్పాజీ మూత వెట్టి సూపెట్టిండు. నువ్వు ఫోను సూపెట్టాలె. గంతే."

మర్నాడు పదింటికి డెక్కర్, మెడలో చెవిమూతలు వేసుకున్న ఆరుగురితో వచ్చాడు. లక్ష్మణ్ మేడ గోడ చాటు నుంచి చూశాడు. ముత్తన్న గేటు బార్లా తెరిచి, వారిని ఎంతో మర్యాదగా కాపలా గదిలోకి పిలిచి, తానే తలుపు వేశాడు. "ఫోను నా దగ్గరున్నది. ఇయ్యను" అనడం కిటికీలోంచి వినిపించింది. వెంటనే కూత లేచింది.

రోడ్డు మీది వాహనాలు ఉన్నచోటనే నిలిచాయి. దుకాణాల షట్టర్లు దిగాయి. గేటు బయట ఉన్న కాపలావాళ్లు తలలు వంచుకుని కాంక్రీటు గదిలోకి పోయారు. లక్ష్మణ్ మెట్లు దిగి, ఆవరణ దాటి, కాపలా గది కిటికీ పక్కనుంచే నడవవలసి వచ్చింది. చూడకూడదనుకుంటూనే చూశాడు. ముత్తన్నను కుర్చీకి కట్టారు. ముఖంలో ఒక కన్ను కనబడడం లేదు. "సిమెంటు బస్తాల కింద పాతిన" అని కూతను మించి అరుస్తున్నాడు. ఒకడు పరుగున పోయి వెతికి వట్టి చేతులతో వచ్చాడు. పైపు లేచింది. "కాదు కాదు, యాదికొచ్చింది, ట్యాంకుల." ఇంకొకడు మేడెక్కాడు.

మొదటి చెక్‌పోస్టులో అడ్డుగొట్టం ఎత్తి ఉంది. బోర్డు మీది తన ఫోటో పక్కనుంచే లక్ష్మణ్ నడిచిపోయాడు. వెనుక కూత పెరుగుతూ, తగ్గుతూ ఉంది. అది ఆగాలని ఒక అడుగు, ఆగరాదని ఇంకొక అడుగు వేస్తూ రెండో చెక్‌పోస్టు కూడా దాటాడు. మైలు పొడవునా ఎండలో అతడొక్కడే మనిషి.

మూడో చెక్‌పోస్టు ఇరవై అడుగులుందనగా కూత ఆగింది.

కాంక్రీటు గదిలోంచి ఒక కాపలావాడు బయటికి వచ్చాడు. ముఖం తుడుచుకుని, బోర్డును చూసి, లక్ష్మణ్‌ను చూసి, మళ్లీ బోర్డును చూశాడు. చెయ్యి నడుముకున్న పైపు మీదికి పోయింది.

"బ్యాడ్జీ" అన్నాడు.

లక్ష్మణ్ చొక్కా జేబులోకి చెయ్యి పోనిచ్చాడు. అక్కడ ఫోను తప్ప ఏమీ లేదు. అంత దూరాన ఆ కాపలా గదిలో ముత్తన్న డెక్కర్‌ను ఏమన్నాడో, ఏ మాటతో మళ్లీ రెచ్చగొట్టాడో, వినడానికి తెలుగువాడెవడూ దగ్గర లేడు. కూత మళ్లీ లేచింది. ఈసారి అది సన్నగా, మధ్యమధ్య పగిలిపోతూ వచ్చింది.

కాపలావాడు ఆకాశం వంక చూశాడు. యుద్ధమంతా సైరన్ల కింద గడిపిన ఒళ్లు అతనిది. అనుమానం కంటే ముందు అదే కదిలింది. పైపు వదిలి లక్ష్మణ్ భుజం పట్టుకున్నాడు. "లోపలికి రా భాయ్, లోపలికి!"

"నా బండి అక్కడున్నది" అని లక్ష్మణ్ బంకు వైపు చూపించాడు.

"అయితే ఉరుకు!" అని అతణ్ణి తానే ముందుకు తోసి, కాపలావాడు గదిలోకి దూరి తలుపు మూసుకున్నాడు.

థామస్ నలభై ఏళ్లవాడు, పదిహేనేళ్లుగా ఆ దేశంలో బండి నడుపుతున్నవాడు. లక్ష్మణ్ వెనుక సీట్లో పడగానే తాళంచెవి పట్టుకున్నాడు గాని తిప్పలేదు. బంకులో, రోడ్డు మీద, ఎక్కడి వాహనాలు అక్కడే నిలిచి ఉన్నాయి.

"ఆగాలి తమ్ముడూ. కూస్తుండగా కదిలితే పట్టేస్తారు. అది ఆగనీ."

లక్ష్మణ్ తల రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని విన్నాడు. ఐదు నెలలుగా ఆ కూతను వింటున్నవాడు గనుక అతనికి దాని తీరు తెలుసు. కీడు మళ్లిపోయిన ప్రతిసారీ అది మెట్టు మెట్టుగా దిగి, గొంతు సవరించుకున్నట్టు చిన్నగా గురగురలాడి నిలిచేది.

ఆనాడు అది దిగలేదు. మంచి ఎత్తులో ఉండగానే తెగింది.

ఒక్క క్షణం రోడ్డంతా అలాగే ఉండిపోయింది. తరువాత ముందున్న లారీ కదిలింది, దాని వెనుక బస్సు కదిలింది, దుకాణం షట్టరు ఒకటి పైకి లేచింది.

"ఆగిందంటే వాళ్లు వెళ్లిపోయినట్టే కదా తమ్ముడూ?" అని థామస్ అద్దంలోంచి అడిగాడు.

లక్ష్మణ్ జేబులోని ఫోనును అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.

"పోనియ్యన్నా" అన్నాడు.